నాయనకు కాపలాగా బిగించిన ఇంజను

ఆ వేసవంతా నేను కనిపించిన వాళ్ళందరి మీదా విరుచుకుపడ్డానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే, కాదనను. భయం వేస్తే కొందరికి ఏడుపు వస్తుంది, కొందరికి దేవుడు గుర్తొస్తాడు, నాకు కోపం వస్తుంది. ఆ వేసవిలో వచ్చినంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. పైకి చూసేవాళ్ళకు అందులో భయపడాల్సింది ఏమీ కనిపించేది కాదు. రేకుల షెడ్డు కింద పాత ట్రాక్టరు ఇంజను విప్పి పరుచుకుని, ఒకే ఇంటి మనుషులు నూనె చేతులతో కూర్చుని ఉండేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏంది, ఇంటిల్లిపాదీ మెకానిక్కులయినారే" అని నవ్వి పోయేవాళ్ళు.

మా ఊరు కొమరోలు నుంచి కాస్త లోపలికి పోవాలి. నన్ను ఇచ్చింది కూడా అదే ఊళ్ళో, పక్క వీధిలోకే. కాబట్టి నాకు పుట్టింటికి వెళ్ళడమంటే చెప్పులు వేసుకోవడమే. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన గిద్దలూరులో పని చూసుకుని సాయంత్రం బస్సుకు వస్తాడు. ఆ వేసవిలో ఆయన చేసిన సాయమల్లా అన్నం తనే పెట్టుకుని తిని, నన్ను ఒక్క మాట కూడా అనకపోవడం. అది చిన్న సాయం కాదు.

ఆ ట్రాక్టరు మా తాత కొన్నది. నాకంటే పెద్దది. ఒకప్పుడు దానికి ఎర్ర రంగు ఉండేదని పెద్దవాళ్ళు చెబితే నమ్మాల్సిందే. నాయన మీసాలు రాకముందు నుంచీ దాన్నే తోలాడు. ఊళ్ళోకి కొత్త కొత్త ట్రాక్టర్లు ఎన్ని వచ్చినా ఆయన మాత్రం దీన్ని వదల్లేదు. కంది చేనుకు దున్నడం, ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు లాగడం, పక్క చేలవాళ్ళకు కల్టివేటరు కొట్టడం, అన్నీ దీంతోనే. మా అమ్మ దాన్ని 'మీ నాయన పెద్దపెళ్ళాం' అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నాయన మురిసిపోయేవాడు, అమ్మ ఉడుక్కునేది.

తర్వాత ఒక ఏడాది నాయనకు చిన్నపాటి పక్షవాతం వచ్చింది. మూతి కాస్త వంకరపోయి, కొద్దిరోజుల్లోనే సర్దుకుంది. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ తర్వాతే అసలు గండం మొదలైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నాయన ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. కళ్ళు తెరిచే ఉంటాయి. మన వైపే చూస్తున్నట్టు ఉంటాడు కానీ చూడడు. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతాయి. కుడిచెయ్యి చొక్కా మీదికి పోయి, ఊడిపోని గుండీ కోసం వెతుకుతూ ఉంటుంది. కాసేపటికి తిరిగి వచ్చి, ఆపిన మాట దగ్గరే అందుకునేవాడు. మధ్యలో ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఏదో జరిగిందన్న సంగతే తెలియదు. అమ్మ దానికి పెట్టుకున్న పేరు 'యాడికో పోవడం'.

ఒంగోలులో డాక్టరు ఇది కూడా ఒక రకం మూర్ఛేనని చెప్పాడు. మాత్రలు రాశాడు. బండి ఎక్కకూడదు, బావి గట్టున నిలబడకూడదు, పొయ్యి దగ్గర ఒక్కణ్ణే వదలకూడదు అన్నాడు. నాయన బుద్ధిగా తలూపుతూ విన్నాడు. బయటికి రాగానే, "ఆ పిలగాడు పుస్తకంలో ఉండేదంతా చెప్పినాడు. నాకేమన్నా వస్తే నాకు తెలీదా ఏంది?" అన్నాడు. ఆయనకు తెలియకపోవడమే ఆయన జబ్బు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, మేమంతా ఒక్కటై తనను మూలన కూర్చోబెట్టాలని చూస్తున్నామనే అనుకున్నాడు.

మేము భయపడినట్టే జరిగింది. అమ్మ మేకలకు ఆకు కోయడానికి పోయినప్పుడు చూసి ట్రాక్టరు తీసుకుని చేనుకు పోయాడు. దున్నుతూ దున్నుతూ యాడికో పోయాడు. ట్రాక్టరు తన దారిన తాను నేరుగా పోయి, చేను చివర తుమ్మ మొద్దుకు గుద్దుకుంది. రేడియేటరు చీలి నీళ్ళన్నీ కారిపోయాయి. చక్రాలు మన్ను తవ్వుతూ అక్కడే తిరిగాయి, ఇంజను కాలి కాలి చివరికి బిగుసుకుపోయి ఆగింది. పక్క చేలో ఉన్నవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడట. "నిద్ర పట్టింది" అన్నాడట. వెనక ఇనప పళ్ళ కల్టివేటరు ఉంది. సీటు మీద నుంచి పక్కకు ఒరిగి ఉంటే దాని కిందే పడేవాడు. ఆ పళ్ళ కింద పడ్డ మనిషిని నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను. పెద్దవాళ్ళు నా కళ్ళు మూసేలోపే చూశాను. నాయన మొద్దుకు గుద్దిన రోజు నుంచి నాకు కళ్ళు మూసుకుంటే అక్కడ నాయనే కనిపించేవాడు.

ఇంజను పోయింది కదా, పీడ విరగడైంది అనుకున్నాం. గిద్దలూరులో మెకానిక్కులు దాన్ని మేము ముట్టుకోం అన్నారు. ఈ మోడలుకు సామాను దొరకదు, పాత ఇనుముకు వేసుకోండి అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి నాయన సరిగ్గా తినడం మానేశాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. ఒకరోజు పొద్దున నేను మిషను మీద ఉండగా అమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె మొహం చూసి నేను సూది గుడ్డలోనే వదిలేసి లేచాను.

"మీ నాయన ఇంజను ఇప్పుతున్నాడు మే. ఒక్కడే. దాని కింద పండుకోని ఇప్పుతున్నాడు."

మేము పోయేసరికి ఆయన నిజంగానే ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. లోపల స్పానరు చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా నేను వంగి ఆయన కాళ్ళు కదులుతున్నాయా అని చూశాను.

తమ్ముడు కురిచేడులో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. ఆదివారం వచ్చాడు. ముగ్గురం పెరట్లో నిలబడి గొంతు తగ్గించి వాదించుకున్నాం. "ఒక బేరింగు దాచిపెడదాం అక్కా. ఆడికి పీడా పోతాది" అన్నాడు వాడు. దాచితే ఏం చేస్తాడో నాకు తెలుసు. కొత్తది వెతుక్కుంటూ మార్కాపురం పోతాడు, ఒక్కడే, బస్సు మెట్టు మీద నిలబడి. ట్రాక్టరును అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "అది పోతే మీ నాయన గూడా పోతాడు, వద్దు" అంది. చివరికి తేలింది ఒక్కటే. ఆయన ఎలాగూ మానడు. ఆయనను ఒంటరిగా వదలడానికి వీల్లేదు. కాబట్టి మేమూ కూర్చోవాలి.

అలా మేమందరం మెకానిక్కులమయ్యాం. చెప్పుకోవడానికి అది ఇంజను బిగించడం. మా వరకు అది నాయనకు కాపలా.

మాకు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. నాయన పనిచేస్తున్నంతసేపు ఒకరు ఎదురుగా కూర్చోవాలి, ఆయన కుడిచేతి మీద నుంచి కన్ను తీయకూడదు. చెయ్యి గుండీ మీదికి పోగానే, రెండోవాళ్ళు ఆయన పట్టుకున్న సుత్తో, స్పానరో నెమ్మదిగా తీసేయాలి. తిరిగి వచ్చేదాకా పక్కనే ఉండాలి. వచ్చే ముందు ఒక గుర్తు ఉండేది, గట్టిగా గుటక మింగేవాడు. అప్పుడు స్పానరును మళ్ళీ ఆయన చేతిలో పెట్టేవాళ్ళం. ఆయన బిగింపు ఆపిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఎందుకలా పెట్టేవాళ్ళమంటే, చెయ్యి ఖాళీగా ఉంటే కంగారుపడతాడని. మమ్మల్ని కసురుకుంటాడని. ఆయనకు తెలియడం లేదని ఆయన మీద విసుక్కునే మేమే ఆయనకు తెలియకుండా కాపాడుతూ వచ్చాం.

ఇంజను మీద మూతలా ఉండే బరువైన హెడ్డును షెడ్డు దూలానికి గొలుసు కట్టి పైకి లేపినప్పుడు నాయన దాని కింద చేతులు పెట్టాడు. తమ్ముడు గొలుసు పట్టుకుని, నేను నాయన చొక్కా వెనక నుంచి పట్టుకుని నిలబడ్డాం. "చొక్కా చింపుతావా ఏంది" అన్నాడు. "చింపితే నేనే కుడతా గానీ నువ్వు వెనక్కి రా" అన్నాను. లోపల చూస్తే ఒక పిస్టను తాను ఆడాల్సిన లైనరు గొట్టానికే అతుక్కుపోయి ఉంది. కిరోసిను పోసి, చెక్క పెట్టి, సుత్తితో మెల్లగా తట్టి తట్టి దించాం. మిగతా కన్నాలన్నిటికీ దుమ్ము పోకుండా అమ్మ పాత చీర చింపి పేలికలు కుక్కింది. మా వైపు గాలి వేస్తే అన్నంలోనే మన్ను పడుతుంది, ఇంజనులో పడదా.

వాల్వులు అరగదీసే పని అమ్మకు వచ్చినంత బాగా మాకెవరికీ రాలేదు. వాల్వుకు గరుకు పేస్టు పూసి, దానికి అంటించిన కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి, అటూ ఇటూ తిప్పాలి. కవ్వం తిప్పి తిప్పి పండిన చేతులు ఆమెవి. నాయన వేలితో తడిమి చూసి, "ఇంత నున్నగా నా పెండ్లప్పుడు గూడా లేదే" అన్నాడు. ఏం నున్నగా లేదో చెప్పలేదు. అమ్మ మాత్రం ఆ రోజంతా నవ్వు దాచుకుంటూ తిరిగింది. అలాంటి పూట నాకు మరీ భయం వేసేది. ఇంట్లో అందరూ బాగున్నప్పుడు పోగొట్టుకునేది ఎంతో తెలిసొస్తుంది.

పిస్టన్లు తిప్పే క్రాంకు కడ్డీ గీరుకుపోయింది. గోతంలో చుట్టి మార్కాపురం లేత్ దుకాణానికి తీసుకుపోయాం. నాయన తానూ వస్తానన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, బయటికి రాకుండా నేను ఇవతల కూర్చున్నాను. లేత్ దుకాణం భాయ్ క్రాంకును తిప్పి చూసి, "పెద్దాయనా, దీనికి ఇంకా ఆశ పెట్టుకుంటివా" అన్నాడు. నాయన చెయ్యి గుండీ మీదికి పోయింది. నేను గభాలున ఆయనకు, తిరుగుతున్న మిషనుకు మధ్య నిలబడ్డాను. భాయ్ నన్ను చూశాడు, నాయనను చూశాడు, లేచి స్విచ్చి ఆపేశాడు. నాయన గుటక మింగి, "ఆశ గాదు భాయ్, అది మా నాయన బండి" అన్నాడు. భాయ్ తలూపి, "చేసిస్తా, కూర్చో" అన్నాడు.

పని సాగేకొద్దీ నాకు పని నచ్చసాగింది. అదొక కొత్త చిక్కు. నాయన మంచి పంతులు. నేను అడగకపోయినా చెప్పేవాడు. డీజిలు ఎక్కడి నుంచి వస్తుంది, గాలి ఎక్కడి నుంచి వస్తుంది, రెండూ కలిసి ఎప్పుడు మండుతాయి. "డీజిలు ఆపితే ఇంజను ఆగతాది. ఒక్కోసారి ఆగదు. లోపల నూనె తాగడం మొదలుపెడితే అదే తాగి తిరగతాది. అట్లప్పుడు గాలి ఆపాల. గాలి లేకుండా ఏదీ బతకదు" అన్నాడొకసారి. నేను జాకెట్టు కొలతలు గుర్తుపెట్టుకున్నట్టు అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఆయన బిగించిన ప్రతి బోల్టునూ, ఆయన చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు మళ్ళీ స్పానరు వేసి చూసేదాన్ని. ఒకసారి పిస్టను కడ్డీ బోల్టు ఒకటి వదులుగా దొరికింది. దాన్ని బిగిస్తూ మధ్యలో స్పానరు ఆపాను. బిగించడం మంచిదా, వదిలేయడం మంచిదా అని ఒక్క క్షణం అనిపించింది. ఇంజను తిరిగితే ఆయన దాని మీద ఎక్కుతాడు. మేము రోజంతా ఆయనను కాపాడుతూ, చేతులతో చేస్తున్నది మాత్రం ఆయనను చంపగలిగిన వస్తువును. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు, తమ్ముడికి తెలుసు. ఎవరమూ పైకి అనలేదు. నేను మాత్రం ఇంటికి పోయి మా ఆయన మీద అరిచాను.

స్టార్టు చేసే రోజు వచ్చింది. పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. కల్టివేటరు తీసి పక్కన పెట్టాం. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. అమ్మ రేడియేటరుకు పసుపూ కుంకుమా పెట్టింది. సీటు మీద తమ్ముడు కూర్చోవాలని నేను పట్టుబట్టాను. నాయన వినలేదు.

"గేరు న్యూట్రల్లో ఉంది. చక్రాలకు రాళ్ళున్నాయి. ఆడ కూర్చుంటే ఏమయితాది? నా బండి, నేనే స్టార్టు చేస్తా" అన్నాడు.

"నువ్వు యాడికో పోతే?"

"యాడికి పోతానమ్మా నేను? మీరు పోనిస్తే గదా."

అమ్మ నా చెయ్యి గిల్లింది. 

చివరి పనులు కొన్ని మిగిలి ఉన్నాయి. ట్రాక్టరుకు గాలి వడగట్టే డబ్బా ఒకటి ఉంటుంది. దాని అడుగున గిన్నెలో నూనె పోస్తారు, గాలితో వచ్చే దుమ్ము ఆ నూనెకు అంటుకుని అక్కడే ఆగిపోతుంది. గిన్నెకు లోపల ఒక గీత ఉంటుంది, అక్కడిదాకానే పోయాలి. నాయన నూనె డబ్బా అమ్మకు ఇచ్చి, "గీత కాడికి పొయ్యి" అని చెప్పి సీటెక్కాడు. మా అమ్మకు ఒక పట్టింపు ఉంది. మొదలుపెట్టే పనిలో ఏ గిన్నె కూడా వెలితిగా ఉండకూడదు. కొత్త కుండ తెస్తే అంచు దాకా నీళ్ళు నింపుతుంది. విత్తనాలకు తొలి కొలత పోగు పోసి కొలుస్తుంది. నన్ను అత్తారింటికి పంపినప్పుడు ఒడిలో పోసిన బియ్యం వీధంతా రాలాయి. ఆ గీత చూస్తే గిన్నెలో సగానికి కాస్త పైన ఉంది. ఇన్నాళ్ళు కష్టపడి లేపిన బండికి మొదటి పూట సగం గిన్నె పెట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అంచు దాకా పోసి, గిన్నె బిగించేసింది. ఎవరమూ చూడలేదు. మేమంతా నాయన చేతినే చూస్తున్నాం.

ఆ డబ్బాలోకి గాలి పీల్చే పైపు మీద పెట్టే టోపీ కిరోసినుతో కడిగి ఆరబెట్టి ఉంది. అది తర్వాత పెట్టుకుందాం లెమ్మన్నాడు తమ్ముడు.

నాయన తాళం తిప్పాడు. ఇంజను మూలుగుతూ తిరిగింది. ఆగింది. మళ్ళీ తిప్పాడు. తెల్లటి పొగ ఒక గుక్క వచ్చింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి పట్టుకుంది. నేల అదిరింది. ఆ శబ్దం వినగానే, ఇన్నాళ్ళు తిరగకూడదని కోరుకున్న నాకే ఒళ్ళంతా పులకించింది. తమ్ముడు నవ్వుతూ నా భుజం చరిచాడు. అమ్మ రెండు చేతులూ జోడించింది.

ఆ శబ్దం పెరగడం మొదలైంది. ఎవరూ ఎక్సిలేటరు తొక్కలేదు. అదే పెరుగుతోంది. పొగ నీలంగా మారింది, దట్టంగా, రేకుల కిందంతా కమ్ముకుంది. "నాయనా, ఆపు. ఆపు" అని తమ్ముడు అరిచాడు. సీటు వైపు నుంచి జవాబు లేదు. వాడు పొగలోకి చెయ్యి దూర్చి ఆపే గుబ్బ తానే లాగాడు. ఆగలేదు. కిందికి వంగి డీజిలు కట్టేశాడు. ఆగలేదు. శబ్దం ఇంకా ఎక్కింది, అది ట్రాక్టరు శబ్దంలాగా లేదు. బానెట్టు మీద పెట్టిన స్పానర్లు ఒక్కొక్కటే ఎగిరి కింద పడుతున్నాయి. ఇంజను పగిలితే కడ్డీలు ఇనప పెట్టెను చీల్చుకుని బయటికి వస్తాయని నాయనే చెప్పాడు. ఆయన దాని వెనకే కూర్చుని ఉన్నాడు. ఉన్నాడో, పడ్డాడో కూడా కనిపించడం లేదు.

సీటు వైపు పోవాలా, ముందుకు పోవాలా? నా కాళ్ళు సీటు వైపే లాగాయి. ముందుకు పోయాను. గాలి పైపు నోరు తెరుచుకుని బుసబుసమని పీలుస్తోంది. అరచెయ్యి పెట్టాను. చర్మం ఊడి లోపలికి పోతుందేమో అన్నంత నొప్పి. చెయ్యి లాక్కుని, "ఏదన్నా ఇయ్యి" అని అరిచాను. అమ్మ నీళ్ళ కుండ మీద మూతగా పెట్టుకునే పలకరాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని పైపు నోటి మీద వేసి, మీద నా బరువంతా వేశాను. పైపు ఆ రాయిని తనకు అతికించుకుంది. ఇంజను దగ్గింది, కొట్టుకుంది, ఒక్కసారిగా ఆగిపోయింది.

చెవుల్లో గుయ్యిమనే మోత తప్ప ఏమీ లేదు. పొగ మెల్లగా బయటికి పోతోంది. నాయన సీటు మీదే ఉన్నాడు. ఎడమచెయ్యి స్టీరింగు మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి చొక్కా మీద గుండీ వెతుకుతోంది. మేము ముగ్గురం కదలకుండా నిలబడ్డాం. ఆయన గుటక మింగాడు. మమ్మల్ని చూశాడు. మొహమంతా ఆశగా పెట్టుకుని అడిగాడు.

"స్టార్టయిందా?"

చేతిలో పెట్టడానికి ఈసారి మా దగ్గర స్పానరు లేదు. ఆయన చుట్టూ చూశాడు. నేల మీద పడి ఉన్న సామాను, నల్లబడిన రేకులు, మా మొహాల మీద మసి, పైపు మీద పలకరాయి, ఎర్రగా కమిలిన నా అరచెయ్యి. ఇంకా తిరుగుతున్న పొగను కూడా చూశాడు. తర్వాత ఎవరి సాయమూ లేకుండా కిందికి దిగి, ఇంట్లోకి పోయి మంచం మీద కూర్చున్నాడు.

తమ్ముడు గిన్నె విప్పి చూసి, నూనె ఎక్కువై ఇంజను దాన్నే తాగిందని చెప్పాడు. అమ్మ అక్కడే కూలబడింది. "వెలితి ఉండగూడదని పోసినా రా. చంపేదాన్నే" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ఎవరి మీదా నాకు కోపం రాలేదు. అదే వింత.

సాయంత్రం నాయన నన్ను పిలిచాడు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అంత మోత వచ్చిందా?"

"వచ్చింది నాయనా."

"నేనేం చేస్తా ఉన్నా అప్పుడు?"

"గుండీ వెతుక్కుంటా ఉన్నావు."

ఆయన తల వంచి తన చొక్కా గుండీ చూసుకున్నాడు. అది ఊడలేదు, ఉండాల్సిన చోటే ఉంది. "ముందు గూడా ఇట్లనేనా? చేలో?" అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఆయన నా చేతిని పట్టుకున్నాడు. చల్లగా ఉంది ఆ చెయ్యి. నాయన భయపడటం నేను పుట్టాక మొదటిసారి చూశాను. అప్పటివరకు ఆ భయం మేము ముగ్గురం పంచుకుని మోశాం. ఆయనకు తెలిస్తే మా భారం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆయన మొహంలో చూశాక ఇంకా పెరిగింది.

మళ్ళీ ఇంజను విప్పి చూశాం. అదృష్టం, ఏమీ విరగలేదు. గిన్నెలో నూనె గీత దాకా నేనే పోశాను. ఈసారి సీటు మీద తమ్ముడు కూర్చున్నాడు, నాయన షెడ్డు బయట అమ్మ పక్కన నిలబడ్డాడు. పాత గొంతుతో, నిదానంగా, ఇంజను తిరిగింది. నాయన తలూపాడు. ఎక్కుతానని అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. అడగకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

వానలు పడ్డాయి. కంది విత్తాలి. తమ్ముడికి దుకాణంలో ఎరువుల రద్దీ, సెలవు దొరకదు. నాయన మా ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి, "మిషను తొక్కే కాళ్ళే గదా, రా" అన్నాడు. ఊరి బయట ఖాళీ నేలలో నాకు తోలడం నేర్పాడు. కింద నిలబడే నేర్పాడు, నాతోపాటు నడుస్తూ. క్లచ్చు వదిలినప్పుడల్లా బండి ఎగిరిపడేది, నేను కేక పెట్టేదాన్ని. ఆయన మాత్రం ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

చేనుకు పోయిన రోజు కల్టివేటరు తగిలించాం. నేను సీటెక్కాను. నాయన గట్టు మీద కూర్చుంటాడనుకున్నాను. ఆయన వచ్చి నా పక్కన మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వు దిగితే గానీ నేను కదిలించను" అన్నాను.

"కొత్తగా బిగించిన ఇంజను. దాని మాట వినేదానికి పక్కన ఒక మనిషి ఉండాల. నీకింకా చెవి రాలేదు."

"నాకు చెవి రాకపోయినా ఫర్వాలేదు. దిగు నాయనా."

ఆయన దిగలేదు. తల గుడ్డ విప్పి, నడుము చుట్టూ తిప్పి, రెండు కొసలూ మడ్‌గార్డు కడ్డీకి కట్టుకున్నాడు. ముడి వేసి, ఇంకో ముడి వేశాడు. తనంతట తాను, ఎవరూ చెప్పకుండా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి వెనకే కోపమూ వచ్చింది.

"అట్ల కట్టుకుంటే, బండి పల్టీ కొడితే దూకేదానికి గూడా ఉండదు" అన్నాను.

"బండి పల్టీ కొట్టేది నువ్వు ఎనక్కి చూస్తేనే. నేను యాడికన్నా పోయి పడితే నువ్వు చూస్తావు. నన్ను పట్టుకోవాలని చూస్తావు. అప్పుడు నువ్వు పోతావు." ఒక్క క్షణం ఆగాడు. నేను భయపడి ఆయన చేతి వైపు చూశాను. చెయ్యి కడ్డీ మీదే ఉంది. "నేనింక పడను. నువ్వు చూడాల్సిన పని లేదు. ముందుకు చూసి తోలు పాపా."

నేను చెయ్యి చాపి ఆ ముడిని లాగి చూశాను. గట్టిగానే ఉంది. క్లచ్చు వదిలాను. కల్టివేటరు పళ్ళు తడి మన్నులోకి దిగాయి. మొదట్లో ఆయన మాట వినిపించింది, "నిదానం, నిదానం" అని. తర్వాత ఆగిపోయింది. ఇంజను మోత తప్ప పక్క నుంచి ఇంకేమీ రాలేదు. చేను చివరి దాకా రాలేదు, యాడికో పోయాడో, ఇంజను మాటే వింటున్నాడో. నేను ముందుకే చూస్తూ తోలాను.